సి. కె. నాయుడు దెబ్బకు తూకమెంత?

కోయంబత్తూరు, మధుర ప్రాంతముల మన తెలుగిండ్లలో క్రికెట్టు మాట వచ్చినప్పుడు పెద్దలు సి. కె. నాయుడు పేరు తలవక మానరు. పిల్లలు వెంటనే లెక్క తీసి, "టెస్టులలో ఆయన సగటు 25 మాత్రమే గదా, తాతయ్యా!" అందురు. ఆ లెక్క అబద్ధము కాదు. 1932 మొదలు 1936 వరకు 7 టెస్టులు, 14 ఇన్నింగ్సులు, 350 పరుగులు. అయితే ఈ ఒక్క అంకెతో పెద్దల మాట కొట్టివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము.

కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించినారు. మన పూర్వులు నాయకరాజుల కాలమునను, అటు తరువాతను దక్షిణమునకు దిగి ఈ సీమలో స్థిరపడినట్లే, ఆ తెలుగు కుటుంబము ఉత్తరమునకు పోయి స్థిరపడినది. ఆంధ్రదేశమునకు వెలుపల పుట్టిన తెలుగువాడన్న వరుసలో ఆయన మనకు మరింత దగ్గర.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున హిందూ జట్టునకును, ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టునకును పోటీ జరిగినది. మొదట ఎం.సి.సి. ఆటగాడు గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 పరుగులు చేసినాడు. పిదప మన నాయుడు రెండు గంటలు నిండకమునుపే 153 కొట్టినారు. అందులో సిక్సర్లు 11. అనగా 66 పరుగులు గాలిలోనే వచ్చినవి. నూటికి 43 పాలు! ఓపలేక మెచ్చుకొన్నారో, మనసారా మెచ్చుకొన్నారో గాని, ఎం.సి.సి. వారే ఆయనకు వెండి బ్యాటు బహూకరించినారు.

సగటు ఈ సంగతి చెప్పదు. ఒక్కొక్క పరుగే తీసి కూర్చిన 24కును, నాలుగు సిక్సర్లతో వచ్చిన 24కును దానికి భేదము లేదు. అమెరికా వారి బేస్‌బాల్ ఆటలో ఈ చిక్కు ఇంకను పెద్దది. అచ్చటి బ్యాటింగు సగటులో చిన్న దెబ్బయు ఒకటే, మైదానము దాటిన హోమ్ రన్నును ఒకటే. మా రైల్వే వారి మాటలో చెప్పవలెనన్న, గూడ్సు బండికి వ్యాగన్లెన్నో లెక్కించి, బరువు చూడకుండుట వంటిది. అందుచేత వారు రెండవ లెక్క పెట్టినారు: ఒక బేసు దెబ్బకు 1, రెండు బేసులకు 2, మూడింటికి 3, హోమ్ రన్నునకు 4 చొప్పున కూడి, బ్యాటు పట్టి ఆడిన వంతులతో భాగింతురు. 1920లో బేబ్ రూత్ అను మహా ఆటగానికి మొదటి లెక్క 0.376, రెండవది 0.847. రెండవదానినుండి మొదటిది తీసివేయగా మిగిలిన 0.471 కేవలము బలము. ఈ తీసివేత లెక్కను బ్రాంచ్ రిక్కీ 1954లో లైఫ్ పత్రికలో ప్రకటించినారు.

క్రికెట్టులో నేడు నూరు బంతులకు ఎన్ని పరుగులని చూతురు. నాయుడు కాలపు స్కోరు పట్టీలలో బంతుల లెక్క తరచుగా ఉండదు. నిమిషములు, సిక్సర్లు దొరకును. వానితోనే తూచవలెను. 1932లో ఇంగ్లండు పర్యటనయందు ఆయన మొదటి తరగతి పోటీలలో 40.45 సగటున 1,618 పరుగులు చేసినారు. పర్యటన మొత్తము మీద ముప్పదికి పైగా సిక్సర్లు. మరుసటి యేడు విజ్డెన్ గ్రంథము వారు ఏటేట ఎన్నుకొను ఐదుగురు ఆటగాండ్రలో ఆయనను చేర్చినారు. (తమ్ముడు సి. ఎస్. నాయుడు 1945 రంజీ అంతిమ పోటీలో 917 బంతులు వేసినారు. ఆ యింటివారి ఓపికకు వేరే కొలత కావలెను.)

ఇక వయసు మాట. భారత జట్టు మొదటి టెస్టు 1932 జూన్ 25న లార్డ్సులో ఆరంభమైనప్పుడు నాయకుడైన నాయుడునకు 36 యేండ్లు నిండినవి. బొంబాయిలో ఆ 11 సిక్సర్లు కొట్టిన నాటికి 31. ఆనాడు భారతదేశమునకు టెస్టులు లేవు, క్రికెట్టు బోర్డు సైతము 1928లో గాని ఏర్పడలేదు. కావున పిల్లలు చూపు ఆ 25 ఆయన మంచి వయసు గడచిన పిమ్మట మొదలుపెట్టిన లెక్క. మొత్తము మొదటి తరగతి ఆటలో 207 పోటీలు, 11,825 పరుగులు, 26 శతకములు. అరువది దాటిన పిదప కూడ, 1956-57లో, ఉత్తర ప్రదేశ్ జట్టు పక్షమున రంజీ పోటీలలో బ్యాటు పట్టినారు.