ముద్రకు పొలిమేర

బెజవాడనుండి వచ్చు రైలు కొండపల్లి దాటి ఎఱ్ఱుపాలెము చేరునప్పటికి పూర్వము రాజ్యము మాఱెడిది. 1889లో ఈ యినుపదారి బెజవాడను ముట్టినది మొదలు 1948వఱకు, కోస్తానుండి మా డోర్నకలు మీదుగా హైదరాబాదునకు పోవు ప్రతి సరుకుపెట్టెయు రెండు ప్రభుత్వముల నేలపై నడచినది. అటు కల్దారు రూపాయి, ఇటు హాలీసిక్కా. నడుమ కరోడ్‌గిరివారి సుంకము. పెట్టెలోని సీసా మాఱదు, సీసాపై చీటియు మాఱదు. ఆ చీటిపై పేరునకుగల చట్టరక్షణ మాత్రము పొలిమేరయొద్దనే దిగిపోయెడిది.

ఈ సంగతి నాకు జ్ఞప్తికి వచ్చుటకు కారణము ఒక మిరపరైతు. వరంగల్లు చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించిన పిమ్మట, ఎనుమాముల మార్కెట్టునుండి తిరిగివచ్చుచు ఆయన నన్ను స్టేషనులో ఆపి యడిగెను: “సారూ, మన చపాటకు ముద్ర పడ్డదంట గదా! ఇగ ఏ దేశంల అమ్మినా ఆ పేరు మనదేనా?” కాదని నేను వెంటనే చెప్పలేకపోతిని. బండి వచ్చుటయు నాకు సాయపడినది. ఆ జవాబునే ఈనాడు మీకు విన్నవించుచున్నాను.

సరుకునకు పేరు పెట్టుట సులభము. ఆ పేరును నిలుపుకొనుట కష్టము. మన తెలుగువారిలో దీని కష్టసుఖములు చక్కగా నెఱిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867లో కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱులో జన్మించి, 1893లో బొంబాయిలో వారు అమృతాంజనమును ఆరంభించిరి. సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి దానిని జనులకు అలవాటుచేసిరి. అప్పటికి ఇంగ్లండులో ట్రేడుమార్కుల రిజిస్టరు ఏర్పడి పదునెనిమిదేండ్లు కావచ్చినది. 1875 నాటి చట్టముక్రింద అచ్చట మొట్టమొదట నమోదైనది బాస్ అను సారాయి కంపెనీవారి యెఱ్ఱ త్రికోణము. మన దేశమున నట్టి రిజిస్టరు లేదు. 1889లో వచ్చిన సరకుల గుర్తుల చట్టము దొంగముద్ర వేసినవానిని శిక్షించునే గాని, ఈ పేరు ఫలానివారిదని ముందుగా వ్రాసియుంచు పుస్తకము దానికి లేదు.

అందుచేత నాటి వర్తకులు ఒక ఉపాయము పన్నిరి. దస్తావేజుల రిజిస్ట్రారు కచ్చేరికి పోయి, ఈ గుర్తు మాదియని ప్రకటనపత్రము నొకదానిని నమోదు చేయించుకొనెడివారు. పిదప పత్రికలలో హెచ్చరిక వేయించెడివారు. తగవు వచ్చినచో ఆ కాగితము ఒక సాక్ష్యము మాత్రమే. ఇన్నియేండ్లుగా ఇంతమంది ఈ పేరు చూచి మా సరుకే కొనుచున్నారని వారు న్యాయస్థానమున వేఱుగ రుజువు చేసుకొనవలసియుండెను. పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసున దినపత్రికగా నడపిరి. చేతిలో పత్రికగల వర్తకునకు తన సరుకు పేరు జనుల నోట నాటుట యెంత వెసులుబాటో మీరే యూహింపుడు.

పంతులుగారు 1938లో కీర్తిశేషులైరి. ట్రేడుమార్కుల చట్టము 1940లో వచ్చినది. అది వచ్చినను బ్రిటిషు ఇండియాకే పరిమితము. నిజాము రాజ్యమున దాని యాజ్ఞ చెల్లదు. మదరాసు వర్తకునకు డోర్నకలు ఆ విషయమున పరదేశమే. హైదరాబాదు 1948లో భారతదేశమున కలసిన తరువాతగాని ఆ గోడ కూలుటకు మార్గ మేర్పడలేదు.

ఒక్క రైలుదారిమీదనే యింత చిక్కుండగా, సముద్రములు దాటు సరుకు మాటయేమి? దీనికై 1883లో పారిస్ నగరమున కొన్ని దేశములు ఒడంబడిక చేసికొనినవి. ఒక దేశమున ముద్రకు దరఖాస్తు పెట్టినవాడు ఆరు నెలలలోపల మఱియొక దేశమున పెట్టినచో, మొదటి తేదీయే రెండవదానికిని లెక్కకు వచ్చును. 1891లో మాడ్రిడ్‌లో ఇంకొక యొప్పందము కుదిరినది. (శ్రోతలు మదరాసని వినకుందురు గాక, ఇది స్పెయిను రాజధాని.) ఒక్క దరఖాస్తుతో పెక్కు దేశములయందు రక్షణ కోరుట దాని యుద్దేశము. ఇంగ్లండును అమెరికాయు నూఱేండ్లు దానికి దూరముగనే యున్నవి. 1989లో కొత్త ప్రోటోకాలు వ్రాసిన పిమ్మట అవి దాని ద్వారమున ప్రవేశించినవి. భారతదేశము పారిస్ ఒడంబడికలో 1998లోను, మాడ్రిడ్ ప్రోటోకాలులో 2013 జూలై 8వ తేదీనను చేరినది. మనవారు విస్తారముగా నివసించు మలేసియా 2019లోను, అరబ్బు ఎమిరేట్లు 2021లోను చేరినవి.

ఒక్క దరఖాస్తు అనగా ఒక్క ముద్రయే లోకమంతట చెల్లునని భ్రమపడరాదు. ముందు స్వదేశమున దరఖాస్తో నమోదో యుండవలెను. దాని నాధారముగా కోరిన దేశముల పేర్లు వ్రాసి, మన రిజిస్ట్రీ ద్వారా జెనీవాకు పంపవలెను. రుసుము స్విస్ ఫ్రాంకులలో కట్టవలెను. అటుపై ప్రతి దేశమును తన చట్టముచొప్పున పరీక్షించి, పండ్రెండు లేక పదునెనిమిది నెలలలో కాదనవచ్చును. అన్నిటికంటె ప్రమాదకరమైనది వేఱొకటి: మొదటి యైదేండ్లలో స్వదేశపు ముద్ర కొట్టుపడినచో, దానిపై నిలిచిన విదేశీరక్షణయు కూలును. చిన్న వర్తకులు ఈ నియమమును చదువక వకీలు చెప్పినప్పుడు తెల్లబోవుదురు.

ఇక మా రైతు ప్రశ్న. చపాటకు లభించినది ట్రేడుమార్కు గాదు. ఒక వర్తకుని పేరునకు ట్రేడుమార్కు. ఒక నేల పేరునకు భౌగోళిక గుర్తింపు. 1999 నాటి చట్టముక్రింద చెన్నైలోని రిజిస్ట్రీ దాని నిచ్చును, అది భారతదేశముననే చెల్లును. అట్టి నేలపేర్లకై 1958లో లిస్బన్‌లో జరిగిన యొప్పందమున మనము చేరలేదు. అయినను ఇంటిగుర్తింపు వ్యర్థము గాదు. అది లేనిపేరును కాపాడవలసిన బాధ్యత పరదేశమునకు లేదు. డార్జిలింగు తేయాకువారు ఇచట గుర్తింపు పొందిన పిదప ఐరోపాకు వేఱుగ దరఖాస్తు పెట్టి, 2011లో అచ్చటను రక్షణ సాధించిరి.

మొన్న ఆయన మరల కనబడగా ఇదంతయు చెప్పితిని. చపాట పేరు రైతులందఱిదనియు, దానికై రైతుల సంఘమే ఒక్కొక్క దేశమున తలుపు తట్టవలెననియు వివరించితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, కొడుకు కారపుపొడి పొట్లములు కట్టి ఎమిరేట్లకు పంపుచున్నాడనియు, పొట్లముపై తల్లిపేరు వేసి మొన్న మాఘమాసమున ఇచటనే ట్రేడుమార్కుకు దరఖాస్తు పెట్టినాడనియు చెప్పెను. ఏ తేదీన పెట్టినాడో రసీదు చూచి రమ్మంటిని. ఆరు నెలల గడువునకు ఇంకను కొన్ని వారములున్నవి.