హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్

క్లోరోఫాం మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని తేల్చడానికి హైదరాబాద్‌లో 1888లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఏర్పడిన సంఘం. 1889లో నిజాం ఖర్చుతో రెండోది కూర్చుంది. ఇంగ్లండ్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. ప్రయోగాల్లో కుక్కలు, కోతులు వందలాదిగా బలయ్యాయి. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండమని సంఘం తీర్పు. అది సగం నిజమే: తేలికపాటి క్లోరోఫాం మత్తులోనూ గుండె హఠాత్తుగా ఆగవచ్చని 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ చూపాడు.

ఊపిరి పాఠం మాత్రం పాతబడలేదు. నేటి పశువైద్యులు మత్తిచ్చిన ఏనుగు తొండం మడతపడకుండా చాపి, కొన దగ్గర అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందా చూస్తారు. దాని ఊపిరితిత్తులు ఛాతీ గోడకు అతుక్కుని ఉంటాయి. అందుకే అది బోర్లా పడితే పక్కకు దొర్లించాల్సిందే. నెమరువేసే కణుజు, దుప్పి సంగతి వేరు: వాటిని పొట్టమీదే కూర్చోబెట్టి తల ఎత్తి, మూతి కిందికి వంచుతారు.