ప్రతినాయకుని బలం ఎక్కడ ఉంది? సురభి ‘కీచక వధ’ నుండి పాత్రధారణ క్రీడ వరకు

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడంతో హైటెక్ సిటీ రూపుదిద్దుకోవడం మొదలైంది. మాదాపూర్ శేరిలింగంపల్లి ప్రాంతంలోనిదే. సురభి నాటక కుటుంబాలు నివసించే సురభి కాలనీ కూడా ఆ ప్రాంతంలోనే ఉంది. ఒకచోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సెలవుదినాల్లో బల్ల చుట్టూ చేరి పాత్రధారణ క్రీడలు ఆడుతుంటే, మరొకచోట నూట ముప్పై ఏళ్లకు పైబడిన రంగస్థల వారసత్వం కొనసాగుతున్నది. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ప్రశ్న ఒకటి ఉంది: ప్రతినాయకుణ్ణి బలవంతుడిగా చేసేది ఏది?

పాత్రధారణ క్రీడ స్వరూపం తెలియనివారికి ఒక మాట. నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్రను ధరిస్తారు. నిర్వాహకుడు లోకాన్ని వర్ణిస్తూ తక్కిన పాత్రలన్నింటికీ తానే గొంతునిస్తాడు. సందిగ్ధ ఘట్టాలను పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ప్రక్రియకు తొలి ముద్రిత రూపం. రంగాలంకరణ లేదు, వేషం లేదు, ఉన్నదంతా మాటే. తెలుగునాట దీనికి దగ్గరి పోలిక నాటకంలో కంటే తోలుబొమ్మలాటలో దొరుకుతుంది. తెర వెనుక ఒకే కళాకారుడు పలు బొమ్మలకు గొంతు మార్చి పలుకుతాడు, ప్రేక్షకుల స్పందనను బట్టి సంభాషణ పెంచుతాడు. సురభి కుటుంబాల పూర్వులు తోలుబొమ్మలాట కళాకారులే కావడం ఇక్కడ గమనార్హం.

ప్రతినాయకుని గురించి మన లాక్షణికులు చెప్పినది ప్రధానంగా గుణాల పట్టిక. పదవ శతాబ్దికి చెందిన ధనంజయుడు దశరూపకంలో అతణ్ణి లోభిగా, ధీరోద్ధతుడిగా, మంకుపట్టు గలవాడిగా, పాపకర్ముడిగా, వ్యసనపరుడిగా నిర్వచించాడు. అంతకు ముందే దండి కావ్యాదర్శంలో ఇంకొక కోణం చూపాడు: శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను కూడా వర్ణించి, అటువంటివాణ్ణి జయించినట్లు చెప్పినప్పుడు నాయకుని ఔన్నత్యం ఇనుమడిస్తుందని అతని అభిప్రాయం. ఈ రెండు నిర్వచనాలూ బలాన్ని ప్రతినాయకుని దేహంలో, స్వభావంలో వెదుకుతాయి. శ్రవ్యకావ్యానికి ఇది చాలవచ్చు. శ్రోత తానే నాయకుడై నిర్ణయాలు తీసుకోవలసిన చోట మాత్రం ఇది చాలదు. పది తలలు, ఇరవై చేతులు ఉన్నాయని నిర్వాహకుడు ఎంత చెప్పినా, ఆటగాని చేతిలోని పాచికకు అవి దాటవలసిన అంకెలు మాత్రమే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు తదితరులు ప్రదర్శించిన తొలి నాటకం ‘కీచక వధ’. ఒక నాటకసమాజ చరిత్ర ప్రతినాయకుని పేరుతో మొదలుకావడం కాకతాళీయమే కావచ్చు. కాని కీచకుని పాత్రనిర్మాణం పైన చెప్పిన గుణాల పట్టికకు లొంగదు. అతనికి వరాలు లేవు, మాయలు లేవు. మల్లయుద్ధంలో భీముడు అతనికంటే అధికుడని శ్రోతకు మొదటినుంచీ తెలుసు. అయినా విరాటపర్వంలో అతడు భయం గొలుపుతాడు. కారణం అజ్ఞాతవాస నియమం. పదమూడవ ఏట గుర్తింపబడితే పాండవులు తిరిగి పన్నెండేళ్లు అరణ్యవాసం చేయాలి. నిండు సభలో ద్రౌపదిని కీచకుడు తన్నినప్పుడు భీముడు అక్కడే ఉన్నాడు. కంకుని వేషంలో ధర్మరాజూ ఉన్నాడు. బలం ఉండీ దానిని చూపలేని స్థితి వారిది. విరాటునికి కీచకుడు బావమరిది, సేనాపతి. రాజ్యం నిలిచి ఉన్నది అతని భుజబలం మీద. కనుక రాజు శిక్షించడు. దారులన్నీ మూసుకుపోయాక మిగిలినది ఒక్కటే: రాత్రి, నర్తనశాల, చీకటి. తిక్కన ఈ ఘట్టాన్ని అంతగా విస్తరించడానికీ, తరువాతి నాటకకర్తలు దానిని మళ్లీ మళ్లీ చేపట్టడానికీ ఈ బిగువే మూలం.

ఇంకొక విశేషం ఉంది. కీచకుని చావుతో కథ ముగియదు. ఉపకీచకులు ద్రౌపదిని చితికి కట్టజూస్తారు. కీచకుడు హతుడైనాడన్న వార్త హస్తినకు చేరగానే అది భీముని పనేనన్న అనుమానం పుడుతుంది. అదే గోగ్రహణానికి దారితీస్తుంది. ప్రతినాయకుణ్ణి తొలగించినా అతడు ఆక్రమించుకున్న చోటు ఖాళీగా మిగిలి కొత్త ఆపదను పిలుస్తుంది.

దీనితో పోలిస్తే హిరణ్యకశిపుని వరం ఎంతో ప్రసిద్ధం, నిర్మాణం దృష్ట్యా ఎంతో చమత్కారం. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, వెలుపల కాదు. మనిషి కాదు, మృగం కాదు అన్న షరతుల వరుస నేటి క్రీడా నియమావళిని తలపిస్తుంది. ‘భక్త ప్రహ్లాద’ సురభి వారికి పెట్టని కోట. అయితే ఈ వరంలోని సందు దేవునికి మాత్రమే అందుతుంది. ప్రహ్లాదుడు దానిని వెదకడు, వెదకవలసిన పని లేదు. భక్తిరసానికి ఇది ఆవశ్యకం. బల్ల చుట్టూ కూర్చున్నవారికి ఇటువంటి ప్రతినాయకుణ్ణి ఇస్తే వారు తిరిగి ప్రేక్షకులైపోతారు.

జానపద కథ ఆ సందును మనిషికి అందేటట్లు కిందికి దించింది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం దూరద్వీపంలోని చిలుకలో ఉంటుంది. ఆ రహస్యం తెలుసుకోవాలి, అక్కడికి పోవాలి, పట్టి తేవాలి. ఇవన్నీ బాలవర్ధిరాజు వంటి బాలునికి సాధ్యమైన పనులు. 1942లో జెమినీ వారి చిత్రంలో ఆ మాంత్రికుని పాత్రను గోవిందరాజుల సుబ్బారావు పోషించారు. ప్రాణాన్ని దేహానికి వెలుపల దాచడం ప్రపంచ జానపద వాఙ్మయమంతటా కనిపించే కథాంశం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లోని ‘లిచ్’ అనే మృత మాంత్రికుడు తన ఆత్మను ఒక పాత్రలో దాచుకోవడం ఆ కోవకే చెందుతుంది. చిలుక స్థానంలో పేటిక వచ్చింది, అంతే.

1951 నాటి ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు మరొక అడుగు ముందుకు వేశాడు. అతనికి బలి ఇవ్వడానికి సాహసవంతుడైన యువకుడు కావాలి; తోట రామునికి రాకుమారిని పొందడానికి సంపద కావాలి. నాయకుణ్ణి కథలోకి లాగినది ప్రతినాయకుని అవసరమే. ఎస్.వి. రంగారావు గంభీర వాచికాన్ని అందరూ కొనియాడతారు గాని, ఆ వాచికానికి ఆధారమైన పింగళి నాగేంద్రరావు కథాకల్పనకు దక్కవలసిన పరిశీలన తక్కువే దక్కింది.

పాశ్చాత్య క్రీడారచనలో ఈ సమస్యను నేరుగా ఎదుర్కొన్న కృతి 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రచించిన ‘రేవెన్‌లాఫ్ట్’. అందులో రక్తపిశాచి ప్రభువు స్ట్రాడ్ ఉద్దేశ్యమేమిటో, అతణ్ణి ఓడించే సాధనాలు ఎక్కడున్నాయో ఆటలో జోస్యం చెప్పే పేకముక్కలు నిర్ణయిస్తాయి. ఆడిన ప్రతిసారీ ప్రతినాయకుని కోరిక మారవచ్చు. సురభి ప్రేక్షకునికి కీచకుని కోరికా తెలుసు, చావూ తెలుసు. తెలిసీ టిక్కెట్టు కొంటాడు. ఆటగానికి ఆ ముందెరుక లేదు. కనుక ‘కీచక వధ’ను యథాతథంగా బల్లమీదికి తెచ్చి ప్రయోజనం లేదు. తేదగినది అజ్ఞాతవాస నియమం వంటి కట్టడి: ఆటగాళ్లకు పోరాడే శక్తి నిండుగా ఇచ్చి, దానిని బాహాటంగా వాడితే పోగొట్టుకునేదేమిటో తొలి పూటే తెలియజేయడం. అప్పుడు నర్తనశాలను ఎవరూ ముందుగా కట్టి ఉంచనక్కరలేదు. దాని అవసరం కలిగిన ఆటగాళ్లే దానిని వెదుక్కుంటారు. కొందరు ధర్మరాజు పక్షాన ఓర్పు వహిద్దామంటారు, కొందరు భీముని పక్షాన తెల్లవారేలోగా తేల్చుకుందామంటారు. ఆ వాదులాట సాగినంతసేపూ ప్రతినాయకుడు గదిలో లేకపోయినా ఆట అతని చేతిలోనే ఉంటుంది.