వీసీ నివేదిక ఎవరి ముందు?

1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టంలో ఒక మామూలు ఏర్పాటు ఉంది. పాలన చూసే సిండికేట్ ఏడాది పాటు జరిగిన పనిపై నివేదిక తయారుచేసి, విశాలమైన సభ అయిన సెనేట్ ముందు పెట్టాలి. కొత్త శాఖలు, కట్టడాలు, పరీక్షలు, ఖర్చులు అన్నీ అందులోకి వస్తాయి. బడ్జెట్ కూడా సెనేట్ ముందుకే వెళ్ళేది. ఆ సెనేట్‌లో పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులు ఎన్నుకున్న ప్రతినిధులుండేవారు. కళాశాలల అధ్యాపకులు, స్థానిక సంస్థల ప్రతినిధులు, దాతలు కూడా ఉండేవారు. వాళ్ళలో చాలామందికి వైస్ చాన్సలర్‌తో ఉద్యోగ సంబంధమే లేదు. ఆయన ప్రమోషన్ ఇస్తాడన్న ఆశ గానీ, బదిలీ చేస్తాడన్న భయం గానీ లేని మనిషి లేచి నిలబడి, ఫలానా డబ్బు ఎటు పోయిందని అడగవచ్చు. విశ్వవిద్యాలయ పాలనలో పదిమందికి పాలు ఉండడమంటే నా దృష్టిలో అసలు అర్థం ఇదే. ఈ వందేళ్ళలో తెలుగు విశ్వవిద్యాలయాల్లో ఆ పాలు ఎలా పుట్టింది, ఎలా తరిగింది అన్నది ఉన్నతవిద్య గురించి బాధపడే వాళ్ళందరూ తెలుసుకోవలసిన చరిత్ర.

ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు అది పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. దాని సెనేట్‌లో కూర్చున్న ఫెలోలు ప్రభుత్వం నియమించినవాళ్ళు. కర్జన్ కాలంలో వచ్చిన 1904 చట్టం కొద్దిపాటి ఎన్నికకు చోటిచ్చినా ప్రభుత్వ పట్టును ఇంకా బిగించింది. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంపై విచారణకు వేసిన శాడ్లర్ కమిషన్ మాత్రం వేరే దారి చూపింది. విశ్వవిద్యాలయం పాఠం చెప్పాలి, పరిశోధన చేయాలి, చదువుకు సంబంధించిన నిర్ణయాలు అధ్యాపకుల చేతిలో ఉండాలి, సమాజ ప్రతినిధులతో విశాలమైన సభ ఉండాలి అన్నది ఆ కమిషన్ మాటల సారం. 1923లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని తిరిగి తీర్చిన చట్టానికి వెనక ఉన్నది ఆ ఆలోచనే. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాని నీడలో పుట్టింది.

విద్యామంత్రిగా ఎ.పి.పాత్రో బిల్లు పెట్టినప్పటి నుంచీ ఆంధ్ర జిల్లాల్లో వాదాలు చెలరేగాయి. విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలి? బెజవాడలో మొదలైంది. రాజమండ్రి తనకు కావాలంది, రాయలసీమవాళ్ళు అనంతపురం అన్నారు, చివరికి 1930లో వాల్తేరు చేరింది. ఈ పోరు మధ్యలోనే దత్తమండలాల (రాయలసీమ) కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వదిలి తిరిగి మద్రాసు పరిధిలోకి పోయాయి. ఈ గొడవను మన చరిత్రకారులు తరచూ ప్రాంతీయ ఈర్ష్యగా రాస్తారు. నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఒక విద్యాసంస్థ తమదని ఇన్ని ఊళ్ళు ఇంత గట్టిగా అనుకోవడం మళ్ళీ చూడలేదు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రాల సంగతికి చోటు దక్కింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడానికి వెనక ఉన్నది కూడా ఆ పట్టుదలే.

వాల్తేరులో మొదటి ఇరవై ఏళ్ళు చూస్తే, జవాబు చెప్పవలసిన వీసీ బలహీనుడవుతాడన్న వాదన నిలవదు. తొలి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి. 1930లో శాసనోల్లంఘనను అణచడానికి ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవి వదులుకున్నాడు. ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ సెనేట్‌లో ఎన్నికై వచ్చాడు. రాధాకృష్ణన్ హయాంలో రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి, భౌతికశాస్త్రానికి సూరి భగవంతం వచ్చి చేరారు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు బెంగాల్ నుంచి వచ్చి పాఠాలు చెప్పారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలిచ్చాడు. ఆ డబ్బుతో నిలబడిన సైన్స్, టెక్నాలజీ కళాశాల ఆయన పేరనే ఉంది. 1936లో రామలింగారెడ్డి మళ్ళీ వచ్చి 1949 దాకా ఉన్నాడు. 1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయ భవనాలు సైన్యం చేతికి వెళ్ళాయి, తరగతులు గుంటూరుకు తరలాయి. ఆ రోజుల్లో కూడా సంస్థ తెగిపోకుండా నడిచింది. ఇంత చేసిన వాళ్ళు సెనేట్ ప్రశ్నలకు జవాబు చెప్పి కూడా చేశారు. సెనేట్ ఉండగానే చేశారనడం ఇంకా సరైనది. కొత్త శాఖ తెరవడానికి సభ ఒప్పుకుంటే దాతలూ ఒప్పుకునేవారు, మద్రాసు ప్రభుత్వంతో మాట్లాడడానికి వీసీకి వెనక బలమూ దొరికేది.

ఆ సెనేట్‌ను మరీ పొగడనక్కర్లేదు. అందులో కూర్చున్నవాళ్ళలో న్యాయవాదులు, జమీందారులు, పై కులాల పట్టభద్రులే ఎక్కువ. చదువే అందని వాళ్ళకు పట్టభద్రుల ఓటు ఎలా వస్తుంది? స్త్రీలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమందే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి దళిత వీసీగా లంకపల్లి బుల్లయ్య రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది, ఆయన వచ్చింది కూడా సెనేట్ ఎన్నిక దారిన కాదు. కనుక పాత ఏర్పాటును ఉన్నదున్నట్టు తిరిగి తేవాలని ఎవరూ కోరలేరు. ఆ సభ తలుపులు అందరికీ తెరవవలసిన కాలానికి సభనే ఎత్తేశారన్నది నా బాధ.

హైదరాబాద్ కథ వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నిజాం ఫర్మానాతో 1918లో పుట్టింది. ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, ఉన్నతవిద్య చెప్పడం గొప్ప సాహసం. పాలన మాత్రం పైనుంచి కిందికి. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొట్టారు. ఆ నిర్ణయాన్ని మార్పించగల బలం ఎవరికీ లేకపోయింది. వాళ్ళలో ఎందరో నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు ముగించారు, పి.వి.నరసింహారావు వాళ్ళలో ఒకరు. కొందరి చదువు అక్కడితో ఆగిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక విశ్వవిద్యాలయాల తీరు పరిశీలించడానికి 1948లో వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు రాధాకృష్ణన్. వీసీని ఎన్నుకునే పద్ధతిని ఆ కమిషన్ మెచ్చలేదు. కార్యనిర్వాహక మండలి ఒక్క పేరు సూచించాలి, చాన్సలర్ దాన్ని ఆమోదించాలి అంది. ఎన్నికల ప్రచారం పండితుడికి తగదన్న ఆ మాటలో న్యాయం ఉంది. అయితే ఆ సిఫార్సులో కూడా పేరు సూచించే హక్కు విశ్వవిద్యాలయానిదే. మనవాళ్ళు ఎన్నికను తీసేశారు, ఆ హక్కును విశ్వవిద్యాలయం దగ్గర ఉంచలేదు.

అక్కడి నుంచి 1966కు రావాలి, ఎందుకంటే అసలు పరీక్ష అప్పుడే జరిగింది. ఉస్మానియాకు 1957 నుంచి డి.ఎస్.రెడ్డి వీసీ. 1964లో మరో అయిదేళ్ళకు ఆయనను నియమించారు. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, బోధనా మాధ్యమం, స్నాతకోత్తర కేంద్రాల వంటి విధాన విషయాల్లో విశ్వవిద్యాలయానికి ఆదేశాలిచ్చే అధికారం తీసుకుంది. వీసీ పదవీకాలాన్ని అయిదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది. అదే సవరణలో ఒక మంచి రక్షణ కూడా పెట్టింది: అనుచిత ప్రవర్తన లేదా అసమర్థత రుజువైతే తప్ప, అదీ న్యాయమూర్తి స్థాయి వ్యక్తి విచారించాక తప్ప, వీసీని తొలగించకూడదు. అంతలోనే రెండో సవరణ వచ్చింది. ఆ తేదీన పదవిలో ఉన్న వీసీ కొత్త వీసీ వచ్చేదాకానే కొనసాగుతారు, కొత్త నియామకం తొంభై రోజుల్లో జరగాలి అని అందులో ఉంది. ఆ తేదీన ఉస్మానియాలో వీసీ ఒక్కరే. రాబోయే వీసీలందరికీ రక్షణ ఉంది, ఆయనకు లేదు.

నగరంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. డి.ఎస్.రెడ్డి హైకోర్టుకు వెళ్ళి ఓడిపోయారు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఒకే పదవిలో ఉన్నవాళ్ళలో ఒకరిని విచారణ లేకుండా పంపించడానికి, మిగతావాళ్ళకు విచారణ హక్కు ఇవ్వడానికి తగిన కారణం లేదని, అది రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. డి.ఎస్.రెడ్డి 1969 దాకా పదవిలో ఉన్నారు. తెలుగు నేలపై విశ్వవిద్యాలయ స్వతంత్రత గురించి ఇంతకంటే పెద్ద తీర్పు లేదు. న్యాయశాస్త్ర విద్యార్థులు తప్ప దాన్ని గుర్తుంచుకున్నవాళ్ళు తక్కువ కావడం బాధాకరం.

ఆ తరువాతి దశాబ్దం కాగితాల మీద ఆశలు పెంచింది. గజేంద్రగడ్కర్ కమిటీ పాలనా సభల్లో విద్యార్థులకు కూడా చోటుండాలని చెప్పింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. ఆ ఏడాదే వరంగల్‌లో కాకతీయ, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయాలు వచ్చాయి, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ. సంస్థలు పెరుగుతున్నకొద్దీ వాటినన్నిటినీ ఒక్క చేత్తో పట్టుకోవాలన్న కోరిక సచివాలయంలో పెరిగింది. 1986లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉన్నతవిద్య కమిషనరేట్ చట్టం తెచ్చింది. విశ్వవిద్యాలయాలను సమన్వయం చేసే, ప్రమాణాలు నిర్ణయించే అధికారం ఆ కమిషనరేట్‌కు దక్కింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం దాని మీద పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రమాణాల సమన్వయం పార్లమెంటు పరిధిలోదని చెప్పి 1987లో కోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. అధ్యాపకులు ఒక రాష్ట్ర చట్టాన్ని నిలువరించిన సందర్భమది. మరుసటి ఏడాది ఉన్నత విద్యామండలి ఏర్పడింది.

కోర్టులో కుదరనిది 1991లో మరో దారిన జరిగిపోయింది. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వేర్వేరు విశ్వవిద్యాలయాలకున్న వేర్వేరు చట్టాలను తీసేసి అన్నిటికీ ఒకే చట్టం పెట్టింది. పాత సెనేట్, సిండికేట్ ఇక లేవు. పాలక మండలి వచ్చింది, అందులో ఉన్నతవిద్య, ఆర్థిక శాఖల ఉన్నతాధికారులు హోదారీత్యా సభ్యులు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్ళు. సెనేట్ అన్న పేరు అకడమిక్ సెనేట్‌లో మిగిలింది, దాని పని చదువుకు సంబంధించిన విషయాలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు కూడా 1980ల చివరి నుంచి నిలిచిపోయాయి. పట్టభద్రుడికి ఓటు పోయింది, విద్యార్థికి ఓటు పోయింది. హింస, రాజకీయ జోక్యం పెరిగాయన్న కారణం చెప్పారు. గొడవలు జరిగిన మాట నిజమే. కానీ అదే హైదరాబాద్‌లో, 1974లో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయంలో విద్యార్థి ఎన్నికలు సాగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు వీసీలు నివేదికలు రాయడం లేదని కాదు. మునుపటికంటే ఎక్కువే రాస్తున్నారు. బెంగళూరులోని గుర్తింపు సంస్థ న్యాక్‌కు ఏటా నాణ్యతా నివేదిక పంపాలి, ర్యాంకుల కోసం ఢిల్లీకి అంకెలు పంపాలి. ఎన్ని పరిశోధన పత్రాలు, ఎన్ని పేటెంట్లు, ఎందరికి ఉద్యోగాలు. ఆ అంకెలు చదివేవాడు వాల్తేరులోనో ఉస్మానియాలోనో హాస్టల్ మెస్సులో తినేవాడు కాదు. లైబ్రరీకి పత్రికలు ఎందుకు ఆగాయి, గెస్ట్ ఫ్యాకల్టీ జీతాలు ఎందుకు ఆలస్యమయ్యాయి, ప్రొఫెసర్ పోస్టులు ఇన్నేళ్ళుగా ఎందుకు ఖాళీ అన్న ప్రశ్నలకు ఆ పట్టికల్లో గడి ఉండదు.

జవాబు చెప్పవలసిన మనిషే లేని కాలమూ చూశాం. తెలంగాణలో 2019 నుంచి 2021 మే దాకా పలు విశ్వవిద్యాలయాలను ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జి వీసీలుగా నడిపారు. 2024లో ఆ పరిస్థితి మళ్ళీ వచ్చి అక్టోబరులో గానీ కొత్త వీసీలు రాలేదు. సచివాలయంలో ఒక శాఖ చూస్తూ సంతకాల కోసం ఫైళ్ళు తెప్పించుకునే అధికారి, ఎంత మంచివాడైనా, అధ్యాపకుల సమావేశంలో కూర్చుని ప్రగతి గురించి ఏం చెప్పగలడు? ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారగానే పలువురు వీసీలు పదవీకాలం మిగిలుండగానే రాజీనామా చేశారు. ఎవరి పనితీరు ఎలా ఉందన్నది వేరే సంగతి. 1967లో సుప్రీంకోర్టు గుర్తించిన రక్షణ, అంటే విచారణ లేకుండా వీసీని పంపకూడదన్నది, ఎవరినీ తొలగించనక్కర్లేకుండానే పక్కకు పోయింది. రెండు రాష్ట్రాల్లోనూ వీసీ కుర్చీ ఎన్నికల ఫలితాలతో కదిలే కుర్చీ అన్న భావన బలపడితే, పదేళ్ళ ప్రణాళిక వేయగల వీసీ ఎక్కడి నుంచి వస్తాడు?

2022లో తెలంగాణ శాసనసభ అధ్యాపక నియామకాలకు ఉమ్మడి బోర్డు బిల్లు ఆమోదించింది. గవర్నర్ దాన్ని ఆపి, విద్యామంత్రిని పిలిపించి సందేహాలు అడిగారు. ఆ వివాదమంతా రాజ్‌భవన్‌కూ సచివాలయానికీ మధ్యే నడిచింది. తమ సహోద్యోగులను ఎంచుకునే హక్కు పోతుందా ఉంటుందా అన్న విషయంలో విశ్వవిద్యాలయ అధ్యాపకులు అధికారికంగా మాట్లాడదగిన సభ ఏదీ మిగలలేదు. మాట్లాడవలసినవాళ్ళు పత్రికా ప్రకటనలిచ్చి ధర్నాలు చేశారు.

2026 ఏప్రిల్ 26కు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు. ఈ సందర్భంలో చట్టం మార్చనక్కర్లేకుండానే చేయగలిగిన పనులున్నాయి. పాలక మండలి తీర్మానాలను ప్రతి సమావేశం తరువాత బహిరంగపరచవచ్చు. ఏడాదికోసారి వీసీ అధ్యాపకులను, బోధనేతర సిబ్బందిని, విద్యార్థులను, పూర్వవిద్యార్థులను ఒకచోట పిలిచి, బడ్జెట్ కాగితాలు ముందే పంచి, ప్రశ్నలకు కనీసం ఒక పూట కేటాయించవచ్చు. అడిగినవాళ్ళ పేర్లు, చెప్పిన జవాబులు రిజిస్ట్రార్ కార్యాలయం రికార్డు చేయాలి, మరుసటి ఏడాది సభ ఆ జవాబులు చదవడంతో మొదలవ్వాలి. చట్టం మార్చి చేయవలసింది ఒకటుంది: 1991లో పోయిన ఎన్నిక స్థానాలు పాలక మండలిలోకి తిరిగి రావాలి. అందులో అధ్యాపకులతో పాటు విద్యార్థులకూ, కాంట్రాక్టు బోధకులకూ ఓటుండాలి.