ఉద్దానం పిల్లలు గడియారం నేర్చిన తీరు

పిల్లలకు గడియారం చూడడం నేర్పాలన్న అవసరం శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ఊళ్లలో ప్రధానంగా రైలూ, వేళ ప్రకారం నడిచే బడీ వచ్చాకే పుట్టింది. పలాస, మందస రోడ్డు స్టేషన్ల మధ్య ఉన్న సుమ్మాదేవి వంటి చిన్న స్టేషను చుట్టుపక్కల ఈ మార్పు బాగా తెలుస్తుంది. ఇక్కడి పిల్లలు కాలాన్ని మొదట చెవితో నేర్చుకున్నారు. ముళ్లూ అంకెలూ చూసి చదవడం ఆ తర్వాతి సంగతి.

అంతకుముందు వేళ చెప్పేది పొద్దే. తొలికోడి కూత, వేగుచుక్క పొడుపు, అంబలి వేళ, పొద్దు నడినెత్తికి రావడం, మునిమాపు, దీపాల వేళ: రోజు ఇలా నడిచేది. ఎండలో నిలబడి తన నీడ ఎన్ని అడుగులుందో కొలిచి ఎంత పొద్దెక్కిందో చెప్పేవారు. రాత్రిపూట గొరుకొయ్యలనే చుక్కలు ఎంత పైకొచ్చాయో చూసి జాము పోల్చుకునేవారు. వీటిని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దల వెంట పొలానికో సముద్రం ఒడ్డుకో వెళ్లిన పిల్లలకు అవే పట్టుబడేవి.

పంచాంగం లెక్క మాత్రం కచ్చితమైనది. రోజుకు 60 గడియలు. ఒక్కో గడియ ఇప్పటి 24 నిమిషాలు, అందులో 60 విఘడియలు. ఏడున్నర గడియలైతే ఒక జాము, అంటే మూడు గంటలు. ముహూర్తం తప్పకూడదనుకున్న చోట, అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్లలో తేలనిచ్చి, అది నిండి మునిగితే గడియ అయినట్టు లెక్కపెట్టేవారు. అయితే ఈ లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. పలాసలో జూన్‌లో పొద్దు ఐదుంపావుకే పొడుస్తుంది, డిసెంబరు చివర ఆరుంపావు దాటితే గాని పొడవదు. కాబట్టి పొద్దు పొడిచిన రెండు గడియలకు అంటే, గడియారంలో ఏడాది పొడవునా ఒకటే వేళ కాదు. గడియారం పిల్లలకు కొత్తగా నేర్పింది ఈ పొద్దుతో నిమిత్తం లేని లెక్కనే.

గడియారం లేకపోయినా వీధి బడికి వేళ ఉండేది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి రాసిన నివేదికలో ఆ పద్ధతి కనిపిస్తుంది. పిల్లలు పొద్దున ఆరింటికల్లా చేరాలి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న పెడతారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతాయి. ఆలస్యాన్ని కొలిచింది గంటలతో కాదు, తోటి పిల్లలతో. గడియారం లేకుండా వేళ పాటించడం నేర్పడానికి ఇది పనికొచ్చింది నిజమే. కానీ చీకట్లోనే లేచి పరుగెత్తే చిన్నపిల్లల వీపు మీద పడ్డ ఆ లెక్కను మెచ్చుకోలేం.

1893 నుంచి 1896 లోపు ఈస్ట్ కోస్ట్ రైల్వే పట్టాలు ఈ తీరం వెంట పడ్డాయి. అప్పటికి ఇదంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తర్వాత ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. 1900లో నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది. రైలుతో పాటే మద్రాసు టైమూ వచ్చింది. మొదట్లో రైళ్లు పాటించింది దాన్నే. పలాస మద్రాసుకు బాగా తూర్పున ఉంది కనుక, ఆ టైము ఇక్కడి పొద్దుకు దాదాపు 17 నిమిషాలు వెనక నడిచేది. 1906 జనవరి 1న దేశానికి ప్రామాణిక టైము వచ్చాక ఆ తేడా సగటున 8 నిమిషాలకు తగ్గింది. నీడ కొలిచే తాతకూ స్టేషను గడియారానికీ వేళ కలవకపోతే తప్పు తాతది కాదు.

ఊరి పిల్లలకు ఆ గడియారం కంటబడేది తక్కువ. వినబడేది రైలు కూత. ఫలానా బండి వెళ్లిందంటే బడికి బయల్దేరాలి, మరో బండి వచ్చిందంటే పశువులు ఇంటికి మళ్లాలి. బడిలోనూ అంతే. చాలా పల్లెల్లో బడి గంటంటే చూరుకో చెట్టుకొమ్మకో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప కడ్డీతో ఆగి ఆగి కొడితే పీరియడు మారినట్టు, గణగణ ఎడతెగకుండా కొడితే ఇంటి గంట. గంట కొట్టే పని దక్కిన పిల్లవాడు హెడ్మాస్టరు బల్ల మీది గడియారాన్ని పదేపదే చూడాలి. ఆ తరాల్లో ముళ్ల లెక్క ముందుగా వచ్చింది ఇలాంటి పిల్లలకేనని అనుకోవచ్చు.

1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలయ్యాక, కీ ఇచ్చే చేతి గడియారం మెల్లగా పల్లె మాస్టర్ల చేతికీ, పెళ్లికొడుకుల చేతికీ చేరింది. 1963లో విశాఖ రేడియో కేంద్రం వచ్చింది. వార్తల ముందు వినిపించే టైముతో వాచీ సరిచేసుకోవడం ఇళ్లలో అలవాటైంది. పిల్లలకు దక్కింది కొబ్బరాకు వాచీ. ఈనె తీసిన ఆకు పాయలను ఒకదాని మీద ఒకటి మడిచి చదరపు బిళ్ల చేసి, మిగిలిన కొసలను మణికట్టుకు ముడివేస్తారు. కొబ్బరితోటల ఉద్దానంలో ఆకుకు కొరత లేదు. ఆ బిళ్ల మీద ముళ్లుండవు, వేళ ఎప్పుడూ పెట్టుకున్నవాడి ఇష్టమే.

ముళ్ల గడియారం నేర్పడంలో అసలు చిక్కు ఒకే అంకెకు రెండు అర్థాలుండడం. చిన్న ముల్లు 3 మీద ఉంటే మూడు గంటలు, పెద్ద ముల్లు అక్కడే ఉంటే పదిహేను నిమిషాలు. అందుకే పాత మాస్టర్లు ఐదో ఎక్కం కంఠస్థం కానిదే పెద్ద ముల్లు జోలికి పోనిచ్చేవారు కాదు. రెండో చిక్కు గంట నిండే ముందు వస్తుంది. మూడూ యాభైకి చిన్న ముల్లు దాదాపు 4 మీదే ఉంటుంది. పిల్లవాడు నాలుగూ యాభై అంటాడు. చిన్న ముల్లు దాటిన అంకెనే చదవాలి, చేరబోయేదాన్ని కాదు అని ముల్లు తిప్పి చూపిస్తే తప్ప ఇది తలకెక్కదు. ఎనిమిదింపావు, ఎనిమిదిన్నర, పావుతక్కువ తొమ్మిది అనే మాటలు ఇక్కడ గొప్ప సాయం. పావు, అర, ముప్పావు పిల్లలకు సంతలోనే పరిచయం. గడియారం ముఖాన్ని నాలుగు పావులుగా చూపిస్తే నిమిషాలు రాకముందే సగం పాఠం అయిపోతుంది.

ఈ ముల్లు తిప్పి చూపడానికి చాలాకాలం బడుల్లో సామాను లేదు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కనీస సామగ్రి పట్టికలో బడి గంటకు చోటిచ్చింది. బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు 1980లు, 1990లలో నడిచినప్పుడు, పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే పద్ధతికి ఊతం దొరికింది. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, రెండు అట్ట ముళ్లు గుచ్చి, పిల్లల చేతే తిప్పించే గడియారం తరగతి గదుల్లో మామూలైంది.

ఇప్పుడు ఇంటింటా సెల్‌ఫోను ఉంది. 7:45 అని అంకెల్లో చదవడం ఒకటో తరగతి పిల్లకూ వచ్చు, కానీ ఎనిమిదికి ఇంకెంతసేపుందో అందులో కనబడదు. ముళ్ల మీద ఆ పావుగంట కళ్లెదుటే ఖాళీగా కనిపిస్తుంది. పై తరగతుల్లో 24 గంటల లెక్క వస్తుంది. 12 దాటిన అంకెలోంచి 12 తీసేయాలి: 17.40 అంటే సాయంత్రం ఐదూ నలభై. రైళ్ల పట్టిక ఈ పాఠానికి సహజమైన ఉదాహరణ. పెద్దలూ తడబడేది మాత్రం 00.20 దగ్గర. ఇంట్లో తెల్లవారేదాకా నిన్నటి రాత్రే, రైలు టికెట్టు మీద అర్ధరాత్రికే తేదీ మారిపోతుంది. సోమవారం రాత్రి స్టేషనుకు వెళ్లి ఎక్కాల్సిన బండికి టికెట్టు మీద మంగళవారం తేదీ ఉంటుంది.