జైలు చక్రం నుంచి జిమ్ బెల్టు దాకా

జిమ్‌లో ఒకే వరసలో కనిపించే ట్రెడ్‌మిల్, ఎక్సర్‌సైజ్ సైకిల్, రోయింగ్ మెషిన్, స్టెయిర్ క్లైంబర్, ఎలిప్టికల్ ఒకే కాలంలో, ఒకే అవసరం కోసం పుట్టినవి కావు. ఒకదాని మూలం జైల్లో ఉంది, ఒకటి వాతరోగుల చికిత్స కోసం వచ్చింది, మరొకటి పడవ పందేల వాళ్లు చలికాలంలో చేయి తిరిగేందుకు చేసుకున్నది. బరువు తగ్గించడమనే పని వీటిలో చాలావాటికి మొదట్లో అప్పజెప్పనే లేదు. మనిషి ఖర్చుపెట్టే శక్తిని కొలవడం శాస్త్రవేత్తలు నేర్చుకున్నాకే ఇవన్నీ ఒక తక్కెడలోకి వచ్చాయి. ఏది ఎక్కువ కేలరీలు కరిగిస్తుందన్న పోలికకు అప్పుడే చోటు దొరికింది.

వీటిలో సైకిల్‌కు దూరపు పూర్వరూపం జిమ్నాస్టికాన్. లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ 1796లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్లతో తొక్కే పలకలు, చేతులతో తిప్పే పిడులు, వాటిని కలుపుతూ చక్రాలు ఉన్న చెక్క చట్రం అది. గౌట్, కీళ్లవాతం, పక్షవాతం ఉన్నవాళ్ల అవయవాలు కదిలించడానికి ఉద్దేశించినది. రోడ్ల మీద తొక్కుడు సైకిల్ ఇంకా రాని రోజుల్లోనే కదలని సైకిల్ లాంటిది వచ్చిందన్నమాట.

ట్రెడ్‌మిల్ కథ వైద్యంతో మొదలు కాలేదు. ఇంగ్లండులో ఇప్స్‌విచ్‌కు చెందిన ఇంజినీరు విలియం క్యూబిట్, ఖైదీలు జైళ్లలో పనీపాటా లేకుండా కూర్చోవడం చూసి 1818 ప్రాంతంలో ఒక చక్రం రూపొందించాడు. పొడవాటి పీపాను అడ్డంగా పడుకోబెట్టి, దాని ఒంటి చుట్టూ మెట్లు బిగించినట్టుండేది. ఖైదీలు వరసగా నిలబడి, తలకు ఎదురుగా ఉన్న కమ్మీ పట్టుకుని ఆ మెట్లు ఎక్కుతూ ఉండాలి. వాళ్ల బరువుకు మెట్టు కిందికి దిగిపోతుంది, పై మెట్టు వచ్చి పాదం ముందు నిలుస్తుంది. ఎంత ఎక్కినా మనిషి ఉన్నచోటే ఉంటాడు. 1821లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టిన చక్రం పేరు మోసింది; అక్కడ దానితో పిండి ఆడేవారు. వేసవిలో రోజుకు పది గంటలు, చలికాలంలో ఏడు గంటలు ఎక్కుడు సాగేది, మధ్యమధ్య వంతులవారీగా విరామం ఉండేది. కొన్ని జైళ్లలో ఆడాల్సిన పిండీ లేదు, తోడాల్సిన నీళ్లూ లేవు. చక్రం ఊరికే గాలిలో తిరిగేది.

మనిషి బరువును యంత్రానికి ఎక్కించడం అప్పటికే పాత సంగతి. తెలుగు పల్లెల్లో ఏతం తొక్కేవాడు దూలం మీద ముందుకూ వెనక్కీ నడిస్తే బాన బావిలోకి దిగి, నిండి, పైకి వచ్చేది. అయితే ఏతం తొక్కినవాడి కష్టానికి మడి తడిసేది, అది అతని కళ్లముందే కనిపించేది. క్యూబిట్ చక్రం ఎక్కినవాడికి గోడ తప్ప ఏమీ కనిపించదు. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ జైల్లో 1822లో ఇలాంటి చక్రం పెట్టారు. అక్కడ ఉద్యోగం చేసిన జేమ్స్ హార్డీ 1824లో దాని మీద ఒక పుస్తకం రాసి, ఖైదీలను హడలెత్తించేది పని కాఠిన్యం కాదనీ, అంతూపొంతూ లేని ఒకే తీరు కదలికేననీ తేల్చాడు. రెండు వందల ఏళ్ల తర్వాత ట్రెడ్‌మిల్ ముందు టీవీ తెర ఎందుకు అమరుస్తారో హార్డీకి విడమరిచి చెప్పనక్కర్లేదు. రచయిత ఆస్కార్ వైల్డ్ 1895లో శిక్ష పడినప్పుడు పెంటన్‌విల్ జైల్లో ఈ చక్రం ఎక్కాడు. 1898 నాటి బ్రిటిష్ జైళ్ల చట్టం తర్వాత ఇంగ్లండులో ఈ శిక్ష కనుమరుగైంది.

నిజానికి క్యూబిట్ యంత్రం నేటి ట్రెడ్‌మిల్‌కు పేరు మాత్రమే ఇచ్చింది. పని తీరు చూస్తే అది మెట్లెక్కే యంత్రం. కదిలే బెల్టు మీద నడిచే పద్ధతి పశువుల నుంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా రైతులు వాలుగా పెట్టిన కదిలే పట్టీ మీద గుర్రాలను నడిపించి నూర్పిడి యంత్రాలు తిప్పుకున్నారు. 1899లో న్యూయార్క్‌లో ప్రదర్శించిన బెన్‌హర్ నాటకంలో రథాల పందెం దృశ్యానికి నిజం గుర్రాలనే స్టేజీ మీద ఇలాంటి పట్టీలపై పరుగెత్తించారు. శాస్త్రవేత్తల చూపు కూడా ముందు గుర్రం మీదే పడింది. బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో నాథన్ త్సుంట్స్ 1889లో కదిలే పట్టీ ఏర్పాటు చేసి, దాని మీద నడిచే గుర్రం ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటుందో కొలిచాడు. మనుషుల కసరత్తు కోసం బెల్టు యంత్రానికి అమెరికాలో క్లాడ్ హేగెన్ 1913లో పేటెంటు తీసుకున్నాడు కానీ, అది జనంలోకి రాలేదు.

ఈలోగా ధనికుల కసరత్తు వేరే దారి పట్టింది. స్వీడన్ వైద్యుడు గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోమ్‌లో యంత్రాలతో వ్యాయామం చేయించే కేంద్రం తెరిచాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టాక ఆ యంత్రాలు యూరప్, అమెరికా విహార వైద్యశాలల్లోకి పాకాయి. వాటిలో కొన్నిటిని ఆవిరి గానీ కరెంటు గానీ నడిపేది. మనిషి కూర్చుంటే యంత్రమే ఊపేది, పిసికేది, కుదిపేది. 1912లో మునిగిన టైటానిక్ ఓడలో మొదటి తరగతి ప్రయాణికుల కోసం ఉన్న వ్యాయామశాలలో కరెంటు గుర్రం, కరెంటు ఒంటె ఉండేవి. వాటి పక్కనే తొక్కాల్సిన సైకిళ్లు, తెడ్డు లాగాల్సిన యంత్రం కూడా ఉన్నాయి. నడుముకు బెల్టు చుట్టి గడగడలాడించే యంత్రాలు ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా కొవ్వు కరిగిస్తాయన్న పేరుతో అమ్ముడుపోయాయి. బరువు తగ్గిస్తామని ముందుగా మాట ఇచ్చినవి ఇలా మనిషి చేత పని చేయించని యంత్రాలే. అవి ఒంటిని కుదిపేవే గానీ కండరాలకు పని చెప్పేవి కావు కాబట్టి ఆ మాట నిలబెట్టుకోలేదు.

కేలరీల లెక్క ప్రయోగశాలలో తయారైంది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్‌వాటర్, భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి 1890లలో మనిషి రోజుల తరబడి ఉండగలిగే ఒక గట్టి మూత గది కట్టాడు. లోపలి మనిషి తిన్నది, విడిచిన గాలి, అతని ఒంటి నుంచి వెలువడిన వేడి అన్నీ బయటి నుంచి కొలిచేవారు. కొన్ని ప్రయోగాల్లో ఆ గదిలో కదలని సైకిల్ తొక్కించారు. 1913లో కోపెన్‌హాగెన్‌లో ఆగస్ట్ క్రో అయస్కాంతపు బ్రేకుతో పనిచేసే సైకిల్ చేశాడు. పెడల్ మీద పడే పనిని వాట్లలో కచ్చితంగా చెప్పగలగడం సైకిల్‌కున్న గొప్ప సౌకర్యం. మనిషి ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పెడల్ దాకా వస్తుందనీ, మిగతాదంతా వేడిగా పోతుందనీ ఈ కొలతలతో స్పష్టమైంది. జిమ్ సైకిల్ తెర మీద కనిపించే కేలరీల అంకె వెనక ఉన్న లెక్క ఇదే.

ట్రెడ్‌మిల్‌ను మళ్లీ మనుషుల మధ్యకు తెచ్చింది గుండె వైద్యం. 1950ల దాకా గుండెను కష్టపెట్టి చూడాలంటే ఆర్థర్ మాస్టర్ 1929లో చెప్పిన పద్ధతే ఎక్కువ వాడుకలో ఉండేది: రోగి రెండు మెట్లు ఎక్కి దిగుతాడు, ఆ తర్వాత గుండె తీరు చూస్తారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ రాబర్ట్ బ్రూస్‌కు ఇది చాలలేదు. ఆయాసం వస్తున్న క్షణంలోనే గుండె ఎలా కొట్టుకుంటోందో చూడాలనుకున్నాడు. అందుకు వేగం, వాలు రెండూ మార్చగల బెల్టు యంత్రాన్ని వేన్ క్వింటన్ తయారుచేసి ఇచ్చాడు. 1963లో బ్రూస్ ప్రకటించిన పరీక్షా క్రమం ఇప్పటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలు. ప్రతి మూడు నిమిషాలకూ రెండూ పెరుగుతాయి. హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో అందరి నోటా నానిన టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్ట్) దాదాపు ఇదే. చాలామంది తెలుగువాళ్లు ట్రెడ్‌మిల్‌ను మొదటిసారి ఎక్కింది జిమ్‌లో కాదు, ఛాతీకి తీగలు అతికించుకుని కార్డియాలజిస్టు దగ్గర.

ఆసుపత్రి యంత్రం ఇంట్లోకి రావడానికి ఒక పుస్తకం కారణమైంది. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెనెత్ కూపర్ 1968లో ఏరోబిక్స్ అనే పుస్తకం రాసి, నడక, పరుగు, ఈత, సైకిల్ తొక్కడం లాంటివాటికి పాయింట్లు కట్టాడు. వేర్వేరు వ్యాయామాలను ఒకే కొలమానంతో తూచడం మామూలు జనానికి అలవాటు చేసింది ఆయనే. న్యూజెర్సీ ఇంజినీరు విలియం స్టాబ్ ఆ పుస్తకం చదివి, వానలోనూ మంచులోనూ పరుగు ఆగకూడదని ఇంట్లో వాడుకునే చవక ట్రెడ్‌మిల్ చేశాడు. వరసగా పేర్చిన ఉక్కు రోలర్ల మీద నారింజరంగు బెల్టు, వేగానికి ఒక డయల్, దాదాపుగా అంతే. పేస్‌మాస్టర్ 600 పేరుతో అది అమ్మకానికి వచ్చింది.

1970ల నుంచి యంత్రాలు వరసకట్టాయి. జీవరసాయన శాస్త్రవేత్త కీన్ డిమిక్ రూపొందించిన కంప్యూటర్ సైకిల్‌ను రే విల్సన్, ఆగీ నియెటో 1977 నుంచి లైఫ్‌సైకిల్ పేరుతో అమ్మబోయారు. పెద్దగా ఎవరూ కొనలేదు. నియెటో ఊరూరా తిరిగి అలసిపోయి, చివరికి 50 సైకిళ్లను జిమ్ యజమానులకు ఉచితంగా పంపితే అప్పుడు ఆర్డర్లు మొదలయ్యాయి. మంచులో స్కీయింగ్ సాధన కోసం మిన్నెసోటాలో ఎడ్ పాల్స్ 1975లో నార్డిక్‌ట్రాక్ చేశాడు. వెర్మాంట్‌లో పడవ తెడ్లు చేసే డ్రైసిగాకర్ సోదరులు 1981లో సైకిల్ చక్రానికి రెక్కలు బిగించి రోయింగ్ మెషిన్ తయారుచేశారు. గట్టిగా లాగేకొద్దీ చక్రానికి గాలి అంతే గట్టిగా ఎదురుతిరుగుతుంది. లాగినవాడి బలమే యంత్రం బరువును నిర్ణయిస్తుంది. కాన్సెప్ట్2 పేరుతో అదే ఇప్పుడు ఇండోర్ రోయింగ్ పోటీలకు ప్రమాణం. 1983లో వచ్చిన స్టెయిర్‌మాస్టర్ 5000 తిరుగుతూ కిందికి దిగిపోయే మెట్ల వరస. క్యూబిట్ చక్రం నమూనా పక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా ఎక్కేవాడు చందా కట్టి మరీ రావడంలోనే ఉంది. 1995లో ప్రికోర్ సంస్థ ఎలిప్టికల్‌ను బజారులోకి దించింది. అందులో పాదం పలక మీది నుంచి లేవదు కాబట్టి పరుగులో మోకాలికి తగిలే దెబ్బ ఉండదు. కీళ్లనొప్పుల వాళ్లకు అది నచ్చడం సహజం.

ఇన్ని యంత్రాలు చేరాక పోలిక తప్పలేదు. 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో జెని, హాఫ్‌మన్, క్లిఫర్డ్ ప్రచురించిన అధ్యయనం ఎక్కువగా ఉదహరించేది. 8 మంది పురుషులు, 5 మంది స్త్రీల చేత ఆరు యంత్రాల మీద కసరత్తు చేయించారు. ఇక్కడి కీలకం పోల్చిన పద్ధతి. అందరినీ ఒకే వేగంతో చేయించడంలో అర్థం లేదు, ఎందుకంటే సైకిల్ వేగానికీ మెట్ల వేగానికీ పొంతన ఉండదు. అందుకని స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 దాకా ఉండే శ్రమ కొలబద్ద వాడారు. అందులో 13 అంటే 'కాస్త కష్టంగానే ఉంది' అనిపించే స్థాయి. ఆ స్థాయిలో ట్రెడ్‌మిల్ మీద గంటకు దాదాపు 700 కిలోకేలరీలు ఖర్చయ్యాయి, సైకిల్ మీద దాదాపు 500. మెట్ల యంత్రం, రోయింగ్, స్కీ యంత్రం మధ్యలో నిలిచాయి. కారణం తేలికే: సైకిల్ మీద ఒంటి బరువును సీటు మోస్తుంది, తొడలు మాత్రమే అలసిపోతాయి, ట్రెడ్‌మిల్ మీద బరువంతా కాళ్లే మోయాలి, పని ఒళ్లంతా పంచుకుంటుంది.

అయితే ఈ వరసను పట్టుకుని ట్రెడ్‌మిల్ కొనేయడం తొందరపాటు. యంత్రాల మధ్య తేడా కన్నా ఒకే యంత్రం మీద తీరు మారిస్తే వచ్చే తేడా పెద్దది. వ్యాయామ శాస్త్రంలో వాడే మామూలు సూత్రం ప్రకారం 70 కిలోల మనిషి చదునైన బెల్టు మీద గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే దాదాపు 125 కిలోకేలరీలు ఖర్చవుతాయి. వేగం మార్చకుండా 10 శాతం వాలు పెడితే అది దాదాపు 280కి చేరుతుంది. కిలో కొవ్వులో ఉన్న శక్తి సుమారు 7,700 కిలోకేలరీలు. తిండి మారకపోతే ఏ యంత్రమైనా నెలల లెక్కలోనే ఫలితం చూపిస్తుంది, వారాల లెక్కలో కాదు. అన్ని నెలలు నిలబడే యంత్రం ఏదన్నది మోకాళ్లను బట్టి, ఓపికను బట్టి, ఇంట్లో దాని మీద బట్టలు ఆరేస్తారా లేదా అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

తెర మీది అంకెను యథాతథంగా నమ్మకూడదనడానికీ కారణముంది. యంత్రానికి తెలిసింది బెల్టు వేగం, వాలు, మనిషి నొక్కి చెప్పిన బరువు మాత్రమే. వాలు పెంచి, ముందున్న కమ్మీని పట్టుకుని వేలాడుతూ నడిచేవాడి బరువులో కొంత చేతుల మీదుగా కమ్మీలోకి పోతుంది. ఖర్చు పడిపోతుంది, అంకె మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సైకిల్ ఈ మోసానికి అంతగా లొంగదు, అక్కడ కొలిచేది పెడల్ మీది పనినే. టీఎంటీ గదిలో టెక్నీషియన్ రోగిని కమ్మీ గట్టిగా పట్టుకోవద్దని, తూలకుండా వేళ్లు ఆనించి నడవమని చెప్పేది ఇందుకే. పట్టుకుని నడిస్తే గుండె అసలు మోసిన దానికన్నా ఎక్కువ బరువు మోసినట్టు కాగితం మీద పడుతుంది.