దుమ్ము చేరితే.. దమ్ము పోతుంది!
క్రూయిజర్ మోటార్‌సైకిళ్లలో తరచూ తలెత్తే లోపాలు.. సరిచేసుకునే తీరు

యాడికి: వేసవి మధ్యాహ్నం. తాడిపత్రి నుంచి యాడికి వచ్చే దారిలో బండి ఒక్కసారిగా దగ్గి ఆగిపోతుంది. కనుచూపు మేరలో చెట్టు నీడ ఉండదు. సెల్ఫ్ నొక్కితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. పావుగంట తర్వాత దానంతట అదే స్టార్టవుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే తంతు. చివరకు ఆటోలో వేసుకుని షెడ్డుకు చేరిస్తే 'బోరు పోయింది, ఇంజిన్ దించాలి' అన్న మాట వినవలసి వస్తుంది. వేల రూపాయలు ఖర్చవుతాయి. అసలు లోపం మాత్రం పెట్రోలు ట్యాంకు మూతలోని సన్నని గాలి రంధ్రంలోనే ఉండవచ్చు.

సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వర్షం మాత్రమే కురిసే అనంతపురం జిల్లాలో ఏడాదిలో అధిక భాగం నేల పొడిగానే ఉంటుంది. యాడికి ప్రాంతంలో సున్నపురాయి ఎక్కువ. తాడిపత్రి చుట్టుపక్కల బండల పరిశ్రమలు, రాళ్ల లారీల రాకపోకలు సరేసరి. మెత్తని దుమ్ము, నలభై డిగ్రీలు దాటే ఎండ.. ఈ రెండింటి మధ్య తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన సర్వీసు గడువులు చాలవు. ఇక్కడ క్రూయిజర్లకు వచ్చే జబ్బుల్లో అనేకం ఇంజిన్‌లో పుట్టినవి కావు. బయట పుట్టి, పట్టించుకోకపోతే ఇంజిన్‌లోకి పాకినవి.

ఏవి క్రూయిజర్లు?
సీటు తక్కువ ఎత్తులో, హ్యాండిల్ వెడల్పుగా, కాళ్లు ముందుకు చాపుకొనేలా ఉండి నిదానంగా దూరప్రయాణం చేసేందుకు అనువైన బండ్లను క్రూయిజర్లంటారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2002లో థండర్‌బర్డ్‌ను, బజాజ్ 2005లో అవెంజర్‌ను తెచ్చాయి. థండర్‌బర్డ్ స్థానంలో 2020 నవంబరులో మీటియర్ 350 వచ్చింది. బుల్లెట్ నిర్వచనం ప్రకారం క్రూయిజర్ కాకపోయినా పల్లెల్లో దానినీ ఈ కోవలోనే లెక్కిస్తారు. కావున దాని సంగతీ ఇక్కడ చెప్పుకోక తప్పదు.

దారిలో ఆగితే..
ముందుగా పనిముట్ల సంచి విప్పనక్కర లేదు. హ్యాండిల్‌పై ఉన్న ఎర్రని కిల్ స్విచ్ చూడాలి. పిల్లలు ఆడుకుంటూ నొక్కి ఉంటే ఎంత ప్రయత్నించినా బండి స్టార్టు కాదు. కొత్త బండ్లలో సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేరు పడితే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు ఉంది. స్టాండ్ వద్ద ఉండే ఆ స్విచ్‌పై బురద, దుమ్ము పేరుకున్నా ఇదే పరిస్థితి. తుడిస్తే సరిపోయే దానికి వైరింగ్ అంతా విప్పించుకున్నవారూ లేకపోలేదు.

తర్వాత పెట్రోలు. ట్యాంకులో ఉన్నంత మాత్రాన ఇంజిన్‌కు అందుతున్నట్లు కాదు. ఖాళీ అయిన మేర లోపలికి గాలి ప్రవేశించాలి. అందుకోసం మూతలో ఉంచిన దారిని దుమ్ము మూసివేస్తే లోపల శూన్యం ఏర్పడి ధార సన్నగిల్లుతుంది. ఆగిన వెంటనే మూత తెరిస్తే 'సుయ్' మని గాలి లోపలికి పోతూ చప్పుడు వినిపించి, ఆపై బండి స్టార్టయితే దోషం అక్కడే. మూతను కిరోసిన్‌తో కడిగి గాలి ఊదించాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత తీసేటపుడు సిగరెట్, అగ్గిపుల్ల దరిచేరనీయరాదు.

మూత బాగుంటే ప్లగ్ విప్పాలి. దాని రంగు చాలా విషయాలు చెబుతుంది. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఉంటే మంటకు లోటు లేదు. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువై పొంగినట్లు. పొడి మసి పట్టి ఉంటే గాలి చాలడం లేదు. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా కాలినట్లుంటే పెట్రోలు తక్కువై ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది. అవెంజర్ 220లో ప్లగ్‌లు రెండు. ఒకటి పనిచేయకున్నా బండి నడుస్తుంది, లాగుడు మాత్రం తగ్గుతుంది. చాలామంది ఒక్కదానినే మార్చి ఊరుకుంటారు. పెట్రోలు ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లలో ప్లగ్‌ను గాలిలో పట్టుకుని నిప్పురవ్వ పరీక్షించడం తగదు. లోపలి ఎలక్ట్రానిక్ పెట్టె దెబ్బతినే ప్రమాదముంది.

ఫిల్టరే కీలకం
ఇంజిన్ పీల్చే గాలినంతా జల్లెడ పట్టేది ఎయిర్ ఫిల్టర్. అది పూడుకుపోతే గాలి తగ్గి నల్లపొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇది చిన్న నష్టం. ఫిల్టర్ చిరిగినా, దాని అంచు పెట్టెకు సరిగా ఆనకపోయినా జరిగేది పెద్ద నష్టం. సున్నపురాయి కన్నా గట్టివైన ఇసుక రేణువులు సిలిండర్‌లోకి దిగి పిస్టన్ రింగులను, గోడలను ఆకురాయిలా అరగదీస్తాయి. ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి కాలుతుంది. నీలిపొగ వచ్చే సరికి పని అయిపోయినట్లే. అప్పుడు బోరు చేయించి పిస్టన్ మార్చక తప్పదు.

మట్టి బాటల్లో తిరిగే బండికి నెలకొకసారైనా ఫిల్టర్ పెట్టె తెరవాలి. కాగితపు ఫిల్టర్‌ను నీటితో గానీ పెట్రోలుతో గానీ కడగరాదు. గాలి కొట్టించేటపుడు లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి మరింత దిగబడుతుంది. పంక్చర్ షాపుల్లో జరిగే పొరపాటు సరిగ్గా ఇదే. స్పాంజి ఫిల్టర్‌ను మాత్రం కడిగి, ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ పట్టించి వాడుకోవచ్చు. పని పూర్తయ్యాక పెట్టె లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. ఫిల్టర్ దాటిన వైపున మట్టి అంటితే ఎక్కడో సందు ఉన్నట్లే.

ఆయిల్ మట్టాన్ని బండిని నిటారుగా నిలిపి చూడాలి. సైడ్ స్టాండ్‌పై ఒరిగినపుడు కనిపించేది తప్పుడు లెక్క. ఆయిల్ గ్రేడ్ కంపెనీ చెప్పినదే వాడాలి. చిక్కగా ఉంటే మంచిదని లారీ ఆయిల్ పోయించడం వల్ల క్లచ్ ప్లేట్లు జారే అవకాశం ఉంది.

సెల్ఫ్ తిరగకపోతే..
'టిక్ టిక్' మని చప్పుడు వచ్చి ఆగిపోతే చాలావరకు బ్యాటరీయే కారణం. పూర్తి చార్జింగ్‌లో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మీటరులో 12.6 వోల్టుల వరకు చూపుతుంది. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అంతకు తగ్గితే బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. చార్జింగ్ వ్యవస్థను చూపించాలి. టెర్మినళ్లపై తెల్లని పొక్కులను వేడినీటితో కడిగితేనే బాగుపడే బండ్లూ ఉన్నాయి. మీటియర్‌కు కిక్ ఉండదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పెట్రోలు పంపు పనిచేయదు కాబట్టి తోసినా స్టార్టు కాదు.

పాత బుల్లెట్ తీరే వేరు
బుల్లెట్ తయారీ మన దేశంలో 1955లో మద్రాసులో ఆరంభమైంది. 2010 నాటికి పాత ఇనుప ఇంజిన్ స్థానాన్ని కొత్త ఇంజిన్ ఆక్రమించింది. అయినా పాతవాటిపై మోజు తగ్గలేదు. వీటిలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. కొత్తగా నడిపేవారు బ్రేకనుకుని గేరు తొక్కే ప్రమాదం ఉందని మరువరాదు.

కిక్ బలంతో కాదు, ఒడుపుతో కొట్టాలి. తాళం వేసి, కిక్ గట్టిపడే వరకు మెల్లగా నొక్కాలి. డీకంప్రెసర్ మీట పట్టి, ఆమ్‌మీటరు ముల్లు మధ్యకు వచ్చే వరకు మరికాస్త నొక్కి, మీట వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి ఒకే ఊపులో తొక్కాలి. లేకుంటే ఎదురుతన్ని చీలమండకు దెబ్బ తగులుతుంది. ఎదురుతన్నడం తరచూ జరుగుతుంటే టైమింగ్ ముందుకు జరిగిందేమో చూపించాలి. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ట్యాపెట్లను ఇంజిన్ పూర్తిగా చల్లారాకే సరిచేయాలి. పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగరాదు.

చైనుకు గ్రీజు వద్దు
మన ప్రాంతంలో చైనుకు గ్రీజు దట్టించడం అలవాటు. దుమ్ము దానికి అతుక్కుని గరుకు పిండిలా మారి చైనును, పళ్లచక్రాలను రెంటినీ తినేస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ పల్చగా పట్టించి, అదనపు తడి తుడిచేయడం మేలు. ఓ-రింగులున్న చైనుకు పెట్రోలు తగలనీయరాదు. కింది వైపు చైను సాధారణంగా 25-30 మిల్లీమీటర్లు ఊగాలి. బిగించేటపుడు వెనుక చక్రం రెండు వైపులా గుర్తులు సమానంగా ఉండాలి.

బ్రేకు మీట స్పాంజిలా మెత్తగా దిగుతుంటే గొట్టంలో గాలి చేరిందని అర్థం. దానిని సరిచేయించే వరకు బండి తీయరాదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపివుంచే పాత కార్బ్యురేటర్ బండ్లలో గిన్నెలోని పెట్రోలు తీసివేయాలి. రబ్బరు గొట్టాలు ఉబ్బాయా, పగిలాయా అన్నదీ గమనించాలి.

నడుస్తుండగా ఇంజిన్ నుంచి 'టక టక' మని కొత్త చప్పుడు మొదలై, లాగుడు తగ్గి, వెనుక చక్రం పట్టేసినట్లనిపిస్తే వెంటనే క్లచ్ పట్టి పక్కకు ఆపాలి. కాలిన ఇంజిన్‌పై నీళ్లు చల్లడం కొందరు చేసే పని. ఎర్రగా కాగిన ఇనుము పగిలేందుకు అది చాలు. అరగంట చల్లారనిచ్చి ఆయిల్ చూసుకోవాలి. ఆయిల్ అడుగంటి ఉంటే ఇంజిన్‌ను మళ్లీ తిప్పకుండా లగేజీ ఆటోలో వేసుకుని షెడ్డుకు చేర్చాలి.